ఒక్క కాలు, ఎనిమిది దీపాలు

మీట వేసి పదమూడు నిమిషాలైంది. ఇంకా నలభై ఏడు ఉన్నాయి. గోడకు బిగించిన ఇనప పెట్టె తలుపు తెరిచి, పిల్లలు కూర్చునే పొట్టి బల్ల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, ఆమె ముల్లు మీటరు వంక చూస్తోంది. ఎదురుగా మొదటి గది తలుపు తీసి ఉంది. లోపల గుమ్మం పైన తెల్ల దీపం క్షణం వెలిగి క్షణం ఆరుతోంది. దాన్ని చూడకుండా ఉండటం కష్టం. ఇది వినిపించని పిల్లల బడి. గంట కొడితే ఎవరూ లేవరు. అందుకే నిప్పంటుకున్నప్పుడు గది గదికీ ఒక దీపం ఇలా కొట్టుకుని, మూసిన రెప్పల మీద పడి, నిద్రలోంచి లాగాలి. మొత్తం ఎనిమిది గదులు. ఎనిమిదోది మేడ మీద చిట్టచివర, అందరికంటే చిన్నపిల్లలది. పన్నెండు మంచాలు వేశారు. పదకొండింటికి అగ్నిమాపక అధికారి వచ్చి చూసి సంతకం పెడితే ఈ రాత్రి నుంచే పిల్లలు ఈ కొత్త గదుల్లో పడుకుంటారు. ఒక గంట వేడెక్కనిచ్చాక గానీ దుకాణంలో కట్టిన ఏ సర్క్యూట్ బోర్డునూ ఎవరికీ చూపించకూడదని అన్నయ్య నియమం. చల్లగా ఉన్నప్పుడు అందరూ మంచివాళ్ళేనే అంటాడు. ఆ మాట ట్రాన్సిస్టర్ల గురించే అన్నా, వింటున్నవాళ్ళు తమ బంధువులెవరో ఒకరు గుర్తొచ్చి నవ్వుతారు. ఆమె కూడా నవ్వేది. ఈ మధ్య నవ్వడం లేదు.

ఇప్పుడు అన్నయ్య ఆ ఎనిమిదో గదిలోనే ఉన్నాడు. నువ్వు కింద పెట్టె చూసుకో, నేను పైన దీపం చూస్తాను, తేడా వస్తే ఫోన్ చేస్తాను అని మెట్లెక్కి వెళ్ళాడు. రెయిలింగు పట్టుకుని వెళ్ళాడు. అరవై ఒక్క ఏళ్ళవాడు రెయిలింగు పట్టుకోడా, పట్టుకుంటాడు, అందులో ఏముంది అనుకుంది అప్పుడు.

పెట్టెలోని బోర్డు మీద పని ఇంతే. మధ్యలో ఒక చిప్పు, దానికి కాళ్ళు. అందులో ఒక్క కాలు, కిందవైపు మూడోది, ఐదు వోల్టులు ఇస్తూ మానేస్తూ ఉంటుంది. ఆ కాలు చెప్పిన మాట ఎనిమిది ట్రాన్సిస్టర్లు వినాలి. విన్నది విన్నట్టు తన తన గది దీపాన్ని వెలిగించాలి. కాలు ఇవ్వగలిగింది ఇరవై మిల్లీయాంపుల కరెంటు, ఒక్కొక్కదానికి కావలసింది రెండున్నర. లెక్క సరిగ్గా సరిపోతుంది. సరిపోతుందన్న చోటే ఆమెకు మొదట్నుంచీ దడ. ఎందుకంటే ఆ ఇరవైని ఎవరు పంచుతారు? కాలికీ ట్రాన్సిస్టర్లకూ మధ్య కరెంటుకు అడ్డుకట్ట వేసే రెసిస్టర్ అన్నయ్య పెట్టింది ఒకే ఒక్కటి. అది దాటాక ఎనిమిదింటి నోళ్ళూ ఒకే రాగి గీతకు అతుక్కుని ఉన్నాయి. అన్నీ సరిగ్గా ఒకేలాంటివైతే సమానంగా తాగుతాయి. ఏ ఒక్కటి కాస్త ముందుగా నోరు తెరిచినా, ఇరవై మిల్లీవోల్టులు, అంటే వోల్టులో యాభయ్యో వంతు ముందు తెరిచినా, అది రెండింతలు లాగేస్తుంది. లాగేది లాగుతూ ఉంటుంది, ఆలస్యంగా నోరు తెరిచేది ఎండిపోతుంది. పైగా పెట్టెలో ఒక పక్క ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దాని పక్కనున్నవి వేడెక్కుతాయి, వేడెక్కినకొద్దీ ఇంకా తొందరగా నోరు తెరుస్తాయి. ఎనిమిదోది అవతలి కొసన, గాలి కన్నాల దగ్గర, చల్లగా.

మూడు వారాల కిందట చెప్పింది. ఒక్కోదానికి ఒక్కో రెసిస్టర్ పెడదాం అన్నయ్యా, ఎవరి వాటా వాళ్ళకి ఉంటుంది, ఎవరు ఎవరిది లాక్కోవాలన్నా కుదరదు అని. చాలా మామూలుగా, ఏదో ఇప్పుడే తట్టినట్టు చెప్పింది. ముందు రోజంతా ఆ వాక్యాన్ని మనసులో ఎన్నిసార్లు అటూ ఇటూ తిప్పిందో ఆయనకు తెలియకుండా చెప్పింది. ఆయన చేతిలో పని ఆపలేదు. ఎనిమిది రెసిస్టర్లు పెట్టేవాడికి తను ఏరిన ట్రాన్సిస్టర్ల మీద నమ్మకం లేదని అర్థం అన్నాడు. అంతటితో అయిపోయింది. నలభై ఆరేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, ఆ దుకాణంలో సగం బోర్డులు తన చేతి మీదే బయటికి వెళ్ళే మనిషి, సరేలే అని తన బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. సరేలే. ఈ సరేలే ఎక్కడి నుంచి వస్తుంది? గొంతులోంచి కాదు, ఇంకా కింది నుంచి, ఎప్పుడో తొమ్మిదేళ్ళప్పుడు కూర్చున్న చోటి నుంచి.

తొమ్మిదేళ్ళప్పుడు ఆమె కూర్చున్న చోటు అన్నయ్య బల్ల కింద బోర్లించిన చెక్క పెట్టె. నాన్న పోయాక ఇంటికి పెద్ద ఆయనే, ఇరవై నాలుగేళ్ళవాడు. రెసిస్టర్లు కూడా దొరకని రోజులట అవి. ఉన్నదాంతో నడపాలి. అందుకని ఆయన ట్రాన్సిస్టర్లను ఏరేవాడు. వంద తెచ్చి, ఒక్కోదాన్ని మీటరుకు తగిలించి, అది ఎన్ని మిల్లీవోల్టుల దగ్గర నోరు తెరుస్తుందో చదివేవాడు. ఆరు వందల అరవై ఒకటి. రాసుకో. ఆరు వందల అరవై మూడు. రాసుకో. ఆమె నోటుబుక్కులో రాసుకునేది. ఒకే అంకె ఉన్నవి ఒకే అగ్గిపెట్టెలోకి వెళ్ళేవి. ఒక పెట్టెలోవి నాలుగు తీసి ఒకే రెసిస్టర్‌కు వేలాడదీస్తే పదేళ్ళైనా మాట తప్పేవి కావు. ఊళ్ళో మిగతా వాళ్ళ బోర్డులు తిరిగొచ్చేవి, అన్నయ్యవి వచ్చేవి కావు. వాటికి ఒకే మనసుండాలే, మనం చేసేదల్లా ఒకే మనసున్నవాళ్ళని ఒక చోట చేర్చడమే అనేవాడు. అవసరం కొద్దీ మొదలుపెట్టింది మెల్లగా గొప్పైంది, గొప్ప నియమమైంది, నియమం మనిషైంది. రెసిస్టర్లు గుప్పెళ్ళకొద్దీ దొరికే కాలం వచ్చాక కూడా ఆయన ఏరడం మానలేదు. అప్పుడు నాలుగు, ఇప్పుడు ఎనిమిది. ఈసారి మాత్రం ఏరేటప్పుడు రాసుకోమని ఆమెను పిలవలేదు. మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసుకుని ఒక్కడే కూర్చున్నాడు. ఆమెకు కాస్త కోపం వచ్చింది. రెసిస్టర్ల మాట ఎత్తినందుకు శిక్ష అనుకుంది. మరి కాస్త హాయిగా కూడా అనిపించింది, ఒక పని తప్పినందుకు.

ముల్లు. ట్రాన్సిస్టర్ తన దగ్గర అట్టేపెట్టుకునే వోల్టులు చూపే ముల్లు, దీపం వెలిగే క్షణంలో సున్నాకు పడిపోవాలి. మొదటిది పడుతోంది. రెండోది, మూడోది పడుతున్నాయి. ఏడోది కూడా కాస్త ఈడ్చుకుంటూ పడుతోంది. ఎనిమిదో దాని మీద మీటరు తీగ మొన పెడితే ముల్లు సున్నా దాకా రావడం లేదు, రెండు దగ్గర ఆగుతోంది. మొన సరిగ్గా ఆనలేదేమో. చీర కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది. రెండున్నర. పావుగంట చూసింది. నాలుగు. పన్నెండు వోల్టుల్లో నాలుగు ఇక్కడే తినేస్తే దీపానికి దక్కేది ఎనిమిది, అంటే వెలుగు తగ్గి ఉండాలి. ఫోన్ చేసింది.

"దివ్యంగా వెలుగుతోందే," అన్నాడు అన్నయ్య. "నువ్వు కంగారుపడి నన్ను కంగారుపెట్టకు."

ఆయన గొంతులో దాపరికం లేదు. ముప్ఫై ఏడేళ్ళుగా ఎరిగిన గొంతు, దాచేటప్పుడు కాస్త వేగంగా మాట్లాడుతుంది. ఇది తాపీగానే ఉంది. కాబట్టి తప్పు మీటరుదే అయ్యుండాలి. మీటరు పాతది, ముల్లు వంగి ఉండొచ్చు. లేదా తనదే. తను పట్టుకోవడంలో, చదవడంలో, కూర్చోవడంలో. కాళ్ళు తిమ్మిరెక్కాయి. లేచి మళ్ళీ కూర్చుంది. ఇదే విసుగు ఆమెకు. మీటరునూ అన్నయ్యనూ ఎదురెదురుగా నిలబెడితే మనసు ముందుగా మీటరును అనుమానిస్తుంది, ఆ తర్వాత తనను, ఇంక అనుమానం మిగలక ఆగిపోతుంది. ఎవరూ ఆమెను అలా ఆగమనలేదు. పట్టాలు ఎవరు వేశారో తెలియదు గానీ బండి మాత్రం ఎప్పుడూ ఆ స్టేషన్లోనే ఆగుతుంది.

ఇంట్లోనూ అంతే కదా. వద్దు, ఈ పోలిక వద్దు, బోర్డును చూసి ఇల్లు గుర్తు చేసుకోవడమంత పనికిమాలిన పని లేదు. అయినా వచ్చేసింది. పొద్దున ఆరింటికి ఆమె అనే ఒక్క కాలు మీద ఎంతమంది. మొగుడికి నాలుగు చినుకులు పడితే చాలు జలుబు, జలుబంటే కషాయం, కషాయంతోపాటు ఒక గంట ఆయన తుమ్ముల వర్ణన వినాలి. పెద్దదానికి పరీక్షలు, పరీక్షలకు ముందు ఏడుపు, తర్వాత ఇంకో రకం ఏడుపు. అత్తగారికి మాత్రలు. చిన్నది మాత్రం ఏమీ అడగదు. తన జడ తనే వేసుకుని, తన డబ్బా తనే సర్దుకుని, వెళ్ళొస్తానమ్మా అని తలుపు దగ్గర ఒక క్షణం నిలబడి వెళ్ళిపోతుంది. అడగనిదానికి ఏమీ అక్కర్లేదని ఎవరు చెప్పారు? అది ఆ క్షణం ఎందుకు నిలబడుతుందో ఎన్నడైనా అడిగిందా? ఒకసారి ఏదో చెప్పింది. నెల కింద, ఆమె ఒక చేత్తో ఫోనూ ఒక చేత్తో కుక్కరూ పట్టుకుని ఉంటే, పక్కకు వచ్చి ఏదో చెప్పింది. ఏమిటది. మామయ్య అంది. అవును, మామయ్య సంగతే. అమ్మా, మామయ్య నన్ను అక్క అనుకున్నాడమ్మా, పరీక్షలెలా రాశావే అని అడిగాడు. ఆమె ఏమంది? ఆ, ముసలాడైపోతున్నాడులే అంది. చిన్నది కాసేపు నిలబడి, అక్క నాకంటే జానెడు పొడుగు కదమ్మా అంది. అప్పుడు కుక్కరు కూసింది.

జానెడు పొడుగు. కాదు, వేరే ఏదో అయ్యుంటుంది. పరధ్యానం. వదిన కూడా కంప్లయింట్ చేసిందిగా, మీ అన్నయ్య కాఫీ కప్పులో కాకుండా పళ్ళెంలో పోస్తున్నాడు, ధ్యాసంతా మీ బోర్డుల మీదే అని. అప్పుడు ఇద్దరూ కలిసి నవ్వుకున్నారు. పొగ వాసన బట్టి సోల్డరింగ్ అతుకు పట్టిందో లేదో చెప్పేస్తాడు అని కొత్తవాళ్ళ ముందు తనే గొప్పలు పోయింది. ఎవరైనా వాసన బట్టి ఎందుకు చెప్పాలి? చూస్తే కనిపిస్తుంది కదా. ఇవన్నీ ఆమెకు తెలుసు. ఒక్కొక్కటీ విడివిడిగా తెలుసు, ఒక్కో అగ్గిపెట్టెలో ఒక్కోటి పెట్టి మూసినట్టు. కలిపి చూడకపోవడానికి తీరిక లేదనుకుంటే అబద్ధం. కలిపి చూస్తే రేపటి నుంచి ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు తనలో ఒక మూల జవాబు సిద్ధంగా, సంబరంగా కూడా, ఉందని ఆమెకు తెలుసు. ఆ సంబరం మొహం చూడటం ఇష్టం లేదు.

వరండాలో చెప్పుల చప్పుడు. హెడ్ మేడమ్. సన్నగా, పొడుగ్గా, చేతులతో మాట్లాడటం అలవాటైపోయి నోటితో మాట్లాడేటప్పుడు కూడా వేళ్ళు కదిలించే మనిషి. అధికారి బయల్దేరారట, ఇంకో ఇరవై నిమిషాల్లో ఉంటారు, అంతా బాగానే ఉంది కదా అని అడిగింది. పిల్లలు పొద్దున్నే పక్కలు మోసుకుని వెళ్ళి మంచాల మీద వేసేసుకున్నారట, ఎవరి మంచం ఏదో పేర్లు కూడా అతికించేసుకున్నారట. చెబుతూ ఆమె వేళ్ళు గాలిలో చిన్న చిన్న దిండ్లు సర్దాయి. చూస్తున్నాం మేడమ్ అంది ఈమె. చూస్తున్నాం. ఏం చూస్తున్నారు? ముల్లు ఆరు దగ్గరుంది, మాట మాత్రం చూస్తున్నాం దగ్గర ఆగిపోయింది. హెడ్ మేడమ్ తృప్తిగా తలాడించి వెళ్ళిపోయింది. ఈమెకు ఆ పెట్టెను గోడలోంచి పెకలించి అవతల పారెయ్యాలనిపించింది. ఆ తర్వాత అన్నయ్యను, ఆ తర్వాత తనను.

పదీ నలభై ఎనిమిది. ముల్లు ఇంక కదలడం లేదు. మిగతా ఏడూ టంచనుగా పడి లేస్తున్నాయి, ఎనిమిదోది మాత్రం పన్నెండు దగ్గర బిగుసుకుని కూర్చుంది. అంటే దీపానికి ఏమీ పోవడం లేదు. ఏమీ. మళ్ళీ ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఎనిమిదో దీపం కొట్టుకుంటోందా?"

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు? కళ్ళ ముందే కొట్టుకుంటోంది. కావాలంటే లెక్కపెడతా విను." ఆయన లెక్కపెట్టాడు. "ఒకటి... రెండు... మూడు..."

ఆమె ఎదుటి గదిలో మొదటి దీపం వంక చూసింది. ఒకే కాలు, ఒకే తాళం, ఎనిమిదీ ఒకేసారి వెలగాలి, ఒకేసారి ఆరాలి. ఆయన ఒకటి అన్నప్పుడు ఇక్కడ దీపం వెలిగింది. రెండు అన్నప్పుడు వెలగబోతోంది. మూడు అన్నప్పుడు ఆరిపోయి ఉంది. నాలుగు అన్నప్పుడు ఇక్కడ అప్పుడే ఆరుతోంది. ఐదు రావడానికి మరీ ఆలస్యమైంది, ఆ లోపు ఇక్కడ రెండు వెలుగులు గడిచిపోయాయి. ఆయన మాత్రం తాపీగా, పాఠం చెబుతున్నట్టు, ఆరు, ఏడు అంటున్నాడు. కల్పించి చెప్పేవాడైతే తాళం తప్పకుండా చెప్పేవాడు, చేతివాచీ చప్పుడుతో సమానంగా చెప్పగలడు. ఇది కల్పించింది కాదు. ఆయన నిజంగానే దేన్నో చూసి లెక్కపెడుతున్నాడు.

ఫోన్ ఆపకుండానే లేచింది. మెట్లు ఎలా ఎక్కిందో గుర్తు లేదు. చెవిలో ఆయన పదకొండు, పన్నెండు అంటున్నాడు. మేడ మీద వరండా పొడుగునా కొత్త సున్నం వాసన. చివరి గది గుమ్మంలో ఆగింది. గదినిండా ఎండ. పన్నెండు చిన్న మంచాలు, దిండ్ల మీద అతికించిన కాగితాలు. మూడో మంచం మీద అన్నయ్య, మోకాళ్ళు ఎత్తుగా పెట్టుకుని, వీపు నిటారుగా, ఫోన్ చెవి దగ్గర. దీపం ఆమె తల పైన, గుమ్మం మీద ఉంది. ఆరిపోయి ఉంది, చల్లటి గాజులా. ఆయన దానివైపు చూడటం లేదు. ఎదుటి గోడకు పైన, లోపలి గాలిని బయటికి లాగే ఫ్యాను కన్నం ఉంది. ఇంకా కరెంటు తగిలించని ఆ ఫ్యాను గాలికి మెల్లగా తిరుగుతోంది. రెక్క అడ్డం వచ్చినప్పుడు నీడ, రెక్క తప్పుకున్నప్పుడు ఎండ. ఆయన మొహం మీద ఎండ పడి పోతోంది, పడి పోతోంది.

"పధ్నాలుగు," అన్నాడు. అడుగుల చప్పుడు విని ఫోన్ దించాడు. "వచ్చావా. చూడు ఎంత చక్కగా కొట్టుకుంటోందో."

ఇప్పుడు అవునన్నా అయిపోతుంది. ఆమెకు ఆ క్షణంలో ఆ మాట నోటిదాకా వచ్చింది, అదే పాత కింది చోటి నుంచి. పన్నెండు దిండ్లు చూసింది.

"అది దీపం కాదన్నయ్యా. ఫ్యాను సందులోంచి ఎండ." తన గొంతు తనకే కరుగ్గా వినిపించింది. "దీపం నీ వెనక గుమ్మం మీద ఉంది. ఆరిపోయింది."

ఆయన వెనక్కి తిరగలేదు. తిరిగి చూడటం వల్ల ప్రయోజనం లేదని ఆయనకు తెలుసని అప్పుడే ఆమెకు అర్థమైంది. చాలాసేపు ఆ ఎండనే చూశాడు, ఇంకా అది దీపమే కావచ్చునేమో అన్నట్టు. తర్వాత, ఏరేటప్పుడు అంకెల మీటరులో ఆరూ ఎనిమిదీ ఒక్కలాగే ఉండేవని మెల్లగా చెప్పాడు. అరవై ఒకటో ఎనభై ఒకటో తేలక, అరవై ఒకటే అయ్యుంటుందని సర్దిచెప్పుకునేవాడినని చెప్పాడు. పోయిన ఎండాకాలం నుంచి అంతేనట. చూపు మధ్యలో మసిగుడ్డ పెట్టినట్టు ఉంటుందట. పక్కల నుంచి బాగానే కనిపిస్తుందట.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఆ బల్ల దగ్గర కూర్చోనిచ్చేదానివా?"

"లేదు," అంది ఆమె. అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక లేనంత కోపంగా ఉంది. ఆయన మీదో, తన మీదో, ఆ ఒక్క రెసిస్టర్ మీదో, ఎటు పంచాలో తెలియని కోపం. నేను అడిగాను కదన్నయ్యా, మూడు వారాల కింద అడిగాను కదా అని అరవాలనుంది. కానీ అడిగిందా? ఇప్పుడే తట్టినట్టు అని, వద్దంటే చాలు వెనక్కి తీసుకునేలా అంది. దాన్ని అడగడం అంటారా?

మెట్ల మీద మాటలు వినిపించాయి. హెడ్ మేడమ్, ఆమె వెంట చేతిలో అట్టకు బిగించిన కాగితాలతో అధికారి. మిగతా ఏడు గదులూ చూసేశామని, అన్నీ భేషుగ్గా ఉన్నాయని, ఇదొక్కటే మిగిలిందని గుమ్మంలోంచే ఆవిడ సంతోషంగా చెబుతోంది. చెబుతూ తలెత్తి చూసింది. కదులుతున్న వేళ్ళు ఆగిపోయాయి. పోనీ ఈ గదొక్కటి పక్కనపెట్టి మిగతా ఏడింటికీ సంతకం పెడతాను, ఈ చిన్నపిల్లల్ని పాత హాల్లో పడుకోబెట్టుకోండి అన్నాడు అధికారి. మంచివాడిలాగే ఉన్నాడు. హెడ్ మేడమ్ ఆశగా ఈమె వంక చూసింది. ఏడు గదులు, ఎనభై మంది పిల్లలు, పొద్దున్నే మోసుకెళ్ళిన పక్కలు. ఒక్క తలాడింపు చాలు.

"వద్దండీ," అంది. "ఏడింటికీ వద్దు. ఇవాళ ఎండిపోయింది ఎనిమిదోది. ఎండలు ముదిరితే ఏది ఎండుతుందో నేను చెప్పలేను. తప్పు దీపానిది కాదు, మేం కట్టిన పద్ధతిది. పద్ధతి తప్పని తెలిసీ ఊరుకున్నాను. రెండు రోజులు ఇవ్వండి."

మేం అంది. ఆయన కట్టిన పద్ధతి అనలేదు. అన్నయ్య మాత్రం మంచం మీద నుంచి లేచి, మాటలొచ్చిన వైపు మొహం తిప్పి, ఏరింది నేనండీ, నాకు కనిపించడం లేదు అన్నాడు. అంత మామూలుగా, ఎవరో ఇంట్లో లేరని చెప్పినట్టు. అధికారి కలం మూత పెట్టాడు. హెడ్ మేడమ్ దగ్గరున్న దిండును సరిచేసి, పిల్లలకి ఎలా చెప్పాలో అనుకుంటూ కాబోలు వెళ్ళిపోయింది. అధికారి కూడా వెనకే వెళ్ళాడు.

ఇద్దరే మిగిలారు. ఆమె గోడకు ఆనుకుంది. సున్నం వీపుకు అంటుకుంటుందని తెలిసినా ఆనుకుంది. ఇప్పుడాయన ఏదో ఒకటి అంటాడు. పరువు తీశావంటాడు, నా బోర్డు మీద చెయ్యి వెయ్యొద్దంటాడు, ఎనిమిదో ట్రాన్సిస్టర్ మార్చి చూడు, నువ్వు రాసుకో నేను ఏరతాను, కాదు, నువ్వు చదువు నేను ఏరతాను అంటాడు. దేనికైనా జవాబు సిద్ధంగా ఉంది ఆమె దగ్గర. ఈ గంటలో, మూడు వారాల్లో, ముప్ఫై ఏడేళ్ళలో కూడబెట్టిన జవాబులు.

"ఒక్కోదానికి ఎంత పెడదామంటావు?" అన్నాడు.

"పద్దెనిమిది వందల ఓములు."

"సరే," అన్నాడు.

ఎందుకని అడగలేదు. లెక్క చెప్పమనలేదు. పదిహేను వందలైతే తప్పేమిటని నిలదీయలేదు. ఆమె ఇంకా కాసేపు ఎదురుచూసింది, ఆయన వాదిస్తాడని, కనీసం ఒక్కసారి కాదంటాడని. ఆయన మంచం అంచు తడుముకుంటూ గుమ్మం వైపు నడవడం మొదలుపెట్టాడు.